ఒంటరిగానే ఉంటాం, ఊళ్ళోనే ఉంటాం

వెలగలగరువు,
జూన్ 24

మాణిక్యానికి,

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు. ఎడమచేతికి సిమెంటు కట్టు ఉంది, కాగితం కదలకుండా పట్టుకోవడం కుదరట్లేదు. పెరట్లో పాచి మీద కాలు జారింది. మణికట్టు విరిగింది. పాలకొల్లు తీసుకెళ్ళి కట్టు వేయించారు. ఇప్పుడు నొప్పి తగ్గింది.

ఇదంతా ఫోన్లో చెబుదామంటే నీ చెవులకి ఫోను మాట అందదు. వాట్సాప్‌లో రాద్దామంటే ఆ ఫోను మీ అబ్బాయి లోకనాథ్ జేబులో ఉంటుంది. అందుకని మనకి పోస్టే గతి.

చెయ్యి విరగడం కన్నా, విరిగాక నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళే ఎక్కువ బాధపెట్టారు. ముందు ఇంటి ఓనరు బంగార్రాజు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని కాఫీ తాగాడు. "నర్సమ్మగారూ, నేను పుట్టినప్పుడు నన్ను ముందు ఎత్తుకుంది మీరేనండి. కానీ రేప్పొద్దున తలుపు వేసుండగా మీకేదైనా అయితే, ఎవరికీ తెలియకపోతే... ఆ తర్వాత ఆ ఇంట్లో అద్దెకి ఎవరు దిగుతారండి? దసరాలోపు ఇంకోటి చూసుకోండి" అన్నాడు.

"నేను చచ్చిపోతానని ఖాళీ చెయ్యమంటున్నావా?" అన్నాను.

"అయ్యో, అంతమాట అనకండి!"

"అన్నది నువ్వే నాయనా. నేను పొట్టిగా చెప్పానంతే."

తర్వాత భీమవరం నుంచి మా మేనల్లుడు శాంతికుమార్. మంచివాడే. వాళ్ళ నాన్న పోయాక మా కుటుంబానికి పెద్ద తనేనని అనుకుంటాడు. నాకోసం ఒక వృద్ధాశ్రమం చూసొచ్చాడట. "ప్రార్థన ఉంది, డాక్టరు వస్తాడు, పెద్ద గేటుంది అత్తా" అన్నాడు. గేటు ఎందుకురా అంటే, "ఎవరూ బయటికి వెళ్ళిపోకుండా" అన్నాడు. అదేదో గొప్ప సౌకర్యమైనట్టు!

నీకు గుర్తుందా? నువ్వు బళ్ళో టీచరు, నేను సబ్‌సెంటర్లో నర్సు. పెళ్ళికాని ఆడపిల్లలకి ఇల్లు ఇవ్వం అన్న ఈ ఊళ్ళోనే ఇంటింటికీ తిరిగి, పోట్లాడి, ఒక వాటా సంపాదించాం. అప్పుడు చిన్నవాళ్ళమని ఇవ్వలేదు. ఇప్పుడు పెద్దవాళ్ళమని ఇవ్వరట. మధ్యలో ఎప్పుడో నాలుగు రోజులు మనం సరైన వయసులో ఉండుంటాం, నేను గమనించలేదు.

నేను ఎక్కడికీ పోను మాణిక్యం. నువ్వు కూడా ఆ మాట ఒకసారి గట్టిగా అను.

నీ
దేవకుమారి


కాకినాడ,
జూలై 12

దేవికి,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. పడ్డాక ఎంతసేపు అలాగే పడున్నావో రాయలేదు. రాయవని తెలుసు. అందుకే నాకు భయం.

నువ్వు అడిగిన మాట నేను అనలేను. కోపం తెచ్చుకోకు. శాంతికుమార్ చెప్పినట్టు విను. కన్నకొడుకు కాకపోయినా నీ గురించి తిరుగుతున్నాడు, అందరికీ అలాంటివాడు దొరకడు. ఇప్పుడు మన వయసుకి పోట్లాటలు ఎందుకే? అన్నీ ఒకరి చేతుల్లో పెట్టేసి కూర్చుంటే ఎంత నిశ్చింతో నన్ను చూసి నేర్చుకో.

నాకేం లోటు? నాలుగో అంతస్తులో ఫ్లాటు, గాలీ వెలుతురూ ఉన్నాయి. లోకనాథ్, సత్యశ్రీ ఇద్దరూ ఆఫీసులకి వెళ్ళేముందు నాకు అన్నీ అమర్చి వెళ్తారు. కూరలు, మందులు అన్నీ కోడలే ఫోన్లో తెప్పిస్తుంది. నేను తలుపు తీయాల్సిన పనే లేదు. నేను లిఫ్టు దగ్గర కనపడితే చాలు, వాచ్‌మన్ వెంటనే లోకనాథ్‌కి ఫోన్ చేస్తాడు. అంత జాగ్రత్త. ఇంతకన్నా ఏం కావాలి?

చెవి మిషను కొంటానన్నాడు లోకనాథ్. ఇంట్లో ఉండే మనిషికి ఎందుకని నేనే వద్దన్నాను. అంటే, ముందు సత్యశ్రీ అంది, తర్వాత నేనూ సరే అన్నాను.

కట్టు విప్పాక చేతికి వ్యాయామం మానకు. ఆ సంగతి నేను నీకు చెప్పడం ఏంటిలే.

రత్నమాణిక్యం


వెలగలగరువు,
ఆగస్టు 28

మాణిక్యం,

నీ ఉత్తరం చదివి కొన్నాళ్ళు నీకు జవాబు రాయకూడదనుకున్నాను. తర్వాత రాయాల్సిన కబుర్లు ఎక్కువైపోయాయి.

శాంతికుమార్‌కి చెప్పేశాను. "నీ ప్రేమకి థాంక్సురా. ఆ గదిలో నువ్వొక వారం ఉండి చూడు, బాగుంటే అప్పుడు మాట్లాడదాం" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళాడు. మళ్ళీ ఆదివారం చర్చి అయ్యాక కేకు పట్టుకొచ్చాడు.

సంపూర్ణమ్మ గుర్తుందా, మన వాటాకి పాలు పోసేది? ఇద్దరు కొడుకులూ ఊళ్ళోనే ఉన్నారు. నెలకొకరి ఇంట్లో ఉండాలని పంపకం పెట్టారు. నెలాఖరున సంచి సర్దుకోవడం నావల్ల కాదని, కొబ్బరితోటలో ఉన్న పాత పెంకుటింట్లో పొయ్యి పెట్టుకుంది. కొడుకులు పరువు పోయిందని అలిగారు. ఆవిడ పట్టించుకోలేదు. ఆ పక్క వీధిలో వీరాస్వామి గారు, కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు, భార్య పోయింది. పేటలో ఏసురాజు, నాట్లూ కోతలూ చేసి చేసి నడుం వంగిపోయింది, ఎవరూ లేరు. నలుగురం ఒంటరివాళ్ళమే. నలుగురికీ ఒకటే మాట వినపడుతోంది, 'మీకేదైనా అయితే?' అని.

ఒక సాయంత్రం వాళ్ళని మా ఇంటికి పిలిచి టీ ఇచ్చి అడిగాను, మనకేదైనా అయితే మనమే చూసుకోలేమా అని. ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున్నే నేను సంపూర్ణమ్మ గుమ్మంలోకి వెళ్ళి పలకరిస్తాను. ఆవిడ వీరాస్వామి గారిని. ఆయన ఏసురాజుని. ఏసురాజు వచ్చి నా గుమ్మంలో "లేచారాండి నర్సమ్మగారూ?" అంటాడు. అంతే. ఇప్పుడు ఊళ్ళో ఇంకొందరు చేరారు. పిల్లలతో ఉంటూ కూడా పగలంతా పలకరించే దిక్కులేనివాళ్ళు కూడా వచ్చారు. ఇది నేను అనుకోలేదు.

ఇక అసలు సంగతి. కొత్త హెల్త్ క్లినిక్ కట్టాక నేను పనిచేసిన పాత సబ్‌సెంటరు ఖాళీగా ఉంది. పగటిపూట ఆ గది మాకివ్వండి అని అడిగాం. బీపీ చూసుకుంటాం, పేపరు చదువుకుంటాం, మోకాళ్ళకి వ్యాయామం చేయిస్తాను. మెట్ల పక్కన పట్టుకోడానికి ఒక కమ్మీ కావాలి. నెలకోసారి డాక్టరుని అక్కడికి పంపించాలి. గ్రామసభలో లేచి ఇదంతా చెప్పాను.

సర్పంచి గారు బల్ల దగ్గర కూర్చుంటారు, మాట్లాడేది ఆవిడ భర్త శివరామకృష్ణ. చేతులు జోడించి, "పెద్దలు మాకు దేవుళ్ళతో సమానం అండి. ఈ వయసులో మీకీ తిరుగుళ్ళెందుకు? హాయిగా ఇంటిపట్టున ఉండండి, చూసుకోడానికి మేం లేమా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు సంపూర్ణమ్మ లేచింది. "దేవుళ్ళని గుళ్ళో పెట్టి తలుపేస్తారు బాబూ. మేం దేవుళ్ళం కాదు, మనుషులం. మోకాళ్ళ నొప్పులున్నాయి, షుగరుంది, నాలుగు మాటలు మాట్లాడుకోవాలనుంది. చోటు ఇస్తావా, ఇవ్వవా, అది చెప్పు."

సభంతా నవ్వింది. నవ్వితే ఏం లాభం? తర్వాత చూద్దాం అన్నారు. వారం తిరక్కుండా గదినిండా రొయ్యల మేత బస్తాలు దింపి తాళం వేశారు. అది శివరామకృష్ణ బావమరిది సరుకట.

మరి మేం ఏం చేశామనుకున్నావ్? వరండా ఎవరికీ అద్దెకివ్వలేదు కదా! ఎవరి కుర్చీ వాళ్ళం తెచ్చుకుని మర్నాటి నుంచి అక్కడే కూర్చుంటున్నాం. మేత కంపు కొడుతోంది. అయినా లేవట్లేదు.

నువ్వుంటే నీ టీచరు గొంతుతో ఆ సభని ఒక పట్టు పట్టేదానివి.

దేవి


కాకినాడ,
సెప్టెంబరు 15

దేవకుమారికి,

నువ్వు ఇలాంటివి నాకు రాయకు. నీ ఉత్తరం సత్యశ్రీ చదివింది. "పెద్దావిడకి లేనిపోని ఆలోచనలు ఎక్కిస్తున్నారు" అని లోకనాథ్‌తో అంది. నాకు వినపడదనుకుంటారు కానీ పెదాలు చూస్తే తెలుస్తుంది.

నువ్వు ఎప్పుడూ పోట్లాడేదానివి, నీకు చెల్లింది. నాకు ఇల్లుంది, కొడుకున్నాడు, వాడి మనసు కష్టపెట్టలేను. నాకిక్కడ బాగానే ఉంది. పొద్దున కిటికీలోంచి స్కూలు బస్సులు కనపడతాయి. పిల్లలు ఎక్కడం చూస్తాను, సాయంత్రం దిగడం చూస్తాను. ఆ మధ్యలో నిద్రపోతాను. నీకు తెలుసుగా, పగలు నిద్ర నాకు అలవాటు లేదు. ఇప్పుడు అలవాటైంది.

నువ్వు ఆ మేత బస్తాల ముందు కూర్చోవడం మానెయ్. ఆడవాళ్ళం మనం. నలుగురూ ఏమనుకుంటారు?

లోకనాథ్ ఈ ఉత్తరం తనే పోస్టు చేస్తానన్నాడు. ఇంతకన్నా రాయను.

రత్నమాణిక్యం


వెలగలగరువు,
సెప్టెంబరు 22

మాణిక్యం,

ఒక్కటే అడుగుతాను. నువ్వు ఒక్కదానివే చెప్పులేసుకుని రోడ్డు మీదికి వెళ్ళి ఎన్నాళ్ళైంది?

ఈ ఉత్తరం సత్యశ్రీ చదివినా పర్లేదు. తను జవాబు రాసినా పర్లేదు.

దేవి


కాకినాడ,
అక్టోబరు 8

దేవీ,

ఈ ఉత్తరం పనిచేసే అమ్మాయి ఆశాజ్యోతి చేతికిస్తున్నాను. తనే డబ్బాలో వేస్తుంది. జవాబు కూడా తన ఇంటి అడ్రసుకే రాయి, కవరు వెనక ఉంది.

కిందటేడు వినాయకచవితి ముందు నాకు సముద్రం చూడాలనిపించింది. పెద్ద కారణమేం లేదు. ఆటో ఎక్కి వెళ్ళాను. ఇసుకలో కూర్చున్నాను, మొక్కజొన్న పొత్తు తిన్నాను, మళ్ళీ ఆటో ఎక్కి వచ్చాను. దారి తప్పలేదు, ఎవర్నీ అడగలేదు. వచ్చేసరికి చీకటి పడింది. ఇక్కడ అపార్టుమెంటంతా కిందే ఉంది. లోకనాథ్ పోలీసుల దాకా వెళ్ళొచ్చాడు. నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాళ్ళ నాన్న బజారుకని వెళ్ళి రోడ్డు మీదే గుండె ఆగి పోయాడు కదా, ఆ భయం వాడిది.

మర్నాటి నుంచి ఆఫీసుకి వెళ్తూ బయట తాళం వేస్తున్నాడు. 'నీ మంచికే అమ్మా' అంటాడు. వాడు అబద్ధం చెప్పట్లేదు, అదే నా కష్టం. తిట్టేవాడైతే నేనూ తిట్టేదాన్ని. పగ పట్టేవాడైతే నేనూ పట్టేదాన్ని. ప్రేమగా తాళం వేస్తుంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. అప్పట్నుంచి నేను రోడ్డు మీద అడుగుపెట్టలేదు. ఆసుపత్రికి వెళ్ళినా కారులోంచి కారులోకే.

నీకు మొదటి ఉత్తరంలోనే రాద్దామనుకున్నాను. రాస్తే అది నిజమైపోతుందనిపించింది. అందుకే నిన్ను కూడా నాలాగే ఉండమన్నాను. ఇద్దరం అలాగే ఉంటే నాకు అంత చిన్నతనంగా ఉండదని కాబోలు.

నువ్వు ఇక్కడికి రాకు, ఎవరికీ ఫోన్ చెయ్యకు. ఊరికే చదువుకో.

మాణిక్యం


వెలగలగరువు,
నవంబరు 3

నా మాణిక్యం,

నీ ఉత్తరం పట్టుకుని వెంటనే బస్సెక్కుదామనుకున్నాను. నువ్వు రావద్దన్నావని ఆగాను. కానీ ఇది తెలుసుకో. పెద్దవాళ్ళ కోసం హెల్ప్‌లైను ఉంది, 14567. నేను మాట్లాడి చూశాను, ఓపిగ్గా విన్నారు. నీ పేరు చెప్పలేదు. ఆర్డీఓ గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుందట, అక్కడ మన మాట వింటారట. అంతదాకా వెళ్ళక్కర్లేకపోవచ్చు. కానీ వెళ్ళగలం అని తెలిస్తే నడుం నిటారుగా నిలబడుతుంది. నువ్వు ఊ అంటే చాలు.

ఇక్కడ కిందటి వారం తుఫాను. రెండు రోజులు ఒకటే వాన, కరెంటు లేదు. ఆ వానలోనూ మేం పలకరింపు మానలేదు. వీరాస్వామి గారు గొడుగు విరిగిపోతే గోనెసంచి కప్పుకుని పేటకి వెళ్ళాడు. వెళ్ళేసరికి ఏసురాజు ఇంటి పక్క గోడ కూలి ఉంది. అతను మంచం మీద నీళ్ళలో తడిసి జ్వరంతో మూలుగుతున్నాడు. వీరాస్వామి గారు కేకలేస్తే పేటలో నలుగురు వచ్చి మంచంతో సహా మోసుకొచ్చారు. క్లినిక్ వైపు రోడ్డు మునిగిపోయింది. గట్టి కప్పున్నది దగ్గర్లో మా పాత సబ్‌సెంటరే. వరండాలోకి జల్లు కొడుతోంది.

నేను శివరామకృష్ణకి ఫోన్ చేశాను. "తాళంచెవి పంపించు, మనిషికి ప్రాణం మీదికొచ్చింది" అన్నాను.

"లోపల సరుకుందండి నర్సమ్మగారూ. తలుపు తీస్తే తడిసిపోద్ది. మా బావమరిదిని అడిగి చెప్తాను."

"అడుగు. నేను మాత్రం ఆగను" అని పెట్టేశాను.

తాళం పగలగొట్టింది నేనే మాణిక్యం. సంపూర్ణమ్మ కొబ్బరికాయలు వలిచే గునపం తెచ్చింది. నా ఎడమచేతిలో ఇంకా పట్టు లేదు, అయినా కుడిచేత్తో ఊడబెరికాను. బస్తాలు ఓ పక్కకి జరిపించి, ఏసురాజుని పొడిబట్టల్లోకి మార్చి, వొళ్ళు తుడిచి, గంజి పట్టించాం. వాన తెరిపిచ్చాక ట్రాక్టరు మీద పాలకొల్లు పంపించాం. నిమ్ము చేసిందన్నారు. బతికాడు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడు.

మర్నాడు శివరామకృష్ణ అరుచుకుంటూ వచ్చాడు. పంచాయతీ ఆస్తి పగలగొట్టారు, కేసు పెడతానన్నాడు. "పెట్టు. పేరు రాసుకో, దేవకుమారి, రిటైర్డ్ నర్సు. గునపం సంపూర్ణమ్మది, చెయ్యి నాది" అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే పేటవాళ్ళు, రైతులు, చర్చివాళ్ళు, సంపూర్ణమ్మ కొడుకులిద్దరూ కూడా, అందరూ నిలబడి ఉన్నారు. అతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కానీ మండలాఫీసుకి ఫిర్యాదు పంపాడట. ఎంపీడీఓ గారు రమ్మని కబురుపెట్టారు. వెళ్తాను. మంచి చీరె కట్టుకుని మరీ వెళ్తాను.

దేవి


కాకినాడ,
నవంబరు 19

దేవికి,

ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు. నా కొడుకుతో నేనే మాట్లాడాను. ఎలాగో చెప్తాను విను.

నీ ఉత్తరం చదివాక నాకు సిగ్గేసింది. చేతిలో బలం లేకపోయినా నువ్వు పరాయివాడి తాళం ఊడబెరికావు. నా తాళం వేసింది నేను కన్నవాడు, నోటిమాటతో కూడా నేను ప్రయత్నం చెయ్యలేదు.

సోమవారం పొద్దున వాళ్ళు బయల్దేరే టైముకి డైనింగ్ టేబులు కుర్చీ ఒకటి లాక్కెళ్ళి సరిగ్గా గుమ్మంలో వేసుకుని కూర్చున్నాను.

"అమ్మా, ఏంటిది? లేటవుతోంది, లోపలికి జరుగు" అన్నాడు లోకనాథ్.

"నాకు వినపడట్లేదు, గట్టిగా చెప్పు" అన్నాను.

"లోపలికి జరుగు!"

"ఇంకా గట్టిగా. పక్క ఫ్లాట్లవాళ్ళకి కూడా వినపడాలి, నువ్వు మీ అమ్మని లోపల పెట్టి తాళం వేస్తున్నావని."

వాడి మొహం ఎర్రబడింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ, "నీకేమైనా అయితే నేనేమైపోవాలి అమ్మా?" అన్నాడు.

దేవీ, అప్పుడు నేను కరిగిపోతానని భయపడ్డాను. కరగలేదు. వాడి తల నిమురుతూనే చెప్పాను. "నాకు ఏదో ఒకటి అవుతుందిరా. రోడ్డు మీదైనా అవుతుంది, మంచం మీదైనా అవుతుంది. మీ నాన్న రోడ్డు మీద పడిపోతే పదిమంది పరిగెత్తుకొచ్చారు, నీళ్ళిచ్చారు, ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. నేను ఇక్కడ పడిపోతే? వంటింట్లో మంట లేస్తే? తలుపు అవతల తాళం, ఇవతల నేను, నాకు మీ కేకలు కూడా వినపడవు. నువ్వు కాపాడుతున్నది నన్ను కాదు నాన్నా, నీ భయాన్ని."

అప్పుడు మాట్లాడింది ఎవరనుకున్నావ్? సత్యశ్రీ! హ్యాండ్‌బ్యాగులోంచి తన తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "రోజూ ఆఫీసులో ఫైర్ ఇంజను చప్పుడు వినపడితే మన వీధికేనేమో అని చస్తున్నానండీ. ఈయనకి చెప్పలేకపోయాను" అంది మొగుడివైపు చూస్తూ. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మీద నేను పెట్టుకున్న అనుమానాల్లో సగం అక్కడికక్కడే పోయాయి. మిగతా సగం ఉన్నాయిలే.

శనివారం చెవి మిషను పెట్టించారు. మా ఫ్యాను ఇంత గోల చేస్తుందని నాకిప్పుడే తెలిసింది.

మాణిక్యం


వెలగలగరువు,
డిసెంబరు 6

మాణిక్యం,

నీ ఉత్తరం వరండాలో గట్టిగా చదివి వినిపించాను. తప్పైతే క్షమించకు, మళ్ళీ చదువుతాను. సంపూర్ణమ్మ కళ్ళొత్తుకుని, "ఆవిడ మన మనిషే" అంది.

ఎంపీడీఓ గారు చిన్నపిల్ల, చురుకైంది. తాళం పగలగొట్టడం తప్పేనంది. ఒప్పుకోను అన్నాను. తర్వాత, "పంచాయతీ గదిలో ప్రైవేటు సరుకు ఎవరు పెట్టించారు?" అని శివరామకృష్ణని అడిగింది. బస్తాలు తీయించెయ్యమంది. గది ప్రస్తుతానికి మాకే. 'తాత్కాలికంగా' అని రాశారు. ఉండనీ, మేం కదిలేదాకా అది తాత్కాలికమే. మెట్లకి కమ్మీ బిగించారు. డాక్టరు సంగతి ఇంకా తేల్లేదు. మళ్ళీ మళ్ళీ వెళ్తాం.

అన్నీ గెలిచాననుకోకు. బంగార్రాజు ఇల్లు ఖాళీ చేసేశాను. దసరా తర్వాత రెండు నెలలు లాగాను, కానీ అతని భయం పోలేదు. వెళ్తుంటే ఏడ్చాడు, తాళంచెవి మాత్రం తీసుకున్నాడు. ఊళ్ళో ఇంకెవరూ ఇవ్వలేదు. సంపూర్ణమ్మ పెంకుటింట్లో అవతలి గదిలో ఉంటున్నాను. పొయ్యిలు వేరు. మా ఇద్దరికీ ఉప్పు దగ్గర కుదరదు. నేను రెండోరోజే అద్దె మాట ఎత్తితే చీపురు చూపించింది.

ఏసురాజు లేచి తిరుగుతున్నాడు. గోడ పేటవాళ్ళే కట్టారు.

దేవి


కాకినాడ,
డిసెంబరు 27

దేవీ,

చేతిలో తాళంచెవి ఉంటే సరిపోదని మొదటిరోజే తెలిసింది. కిందికి దిగితే వాచ్‌మన్ గేటు తీయడు. "అసోసియేషన్ రూలండి మామ్మగారూ, అరవై దాటినవాళ్ళు తోడులేకుండా గేటు దాటకూడదు" అన్నాడు. నేను సముద్రానికి వెళ్ళొచ్చాక పెట్టారట ఆ రూలు. నావల్ల ఈ అపార్టుమెంటులో ఎంతమంది లోపలే ఉండిపోయారో అప్పుడు అర్థమైంది. మూడో అంతస్తులో లెక్చరరుగా చేసినాయన బాల్కనీలోనే నడుస్తాడు, చూస్తుంటాను.

ఆదివారం అసోసియేషన్ మీటింగు. కింద పార్కింగులో కుర్చీలు వేశారు. లోకనాథ్ వద్దన్నాడు, మళ్ళీ తనే పక్కన వచ్చి కూర్చున్నాడు. నేను చెయ్యెత్తాను. సెక్రటరీ ప్రసన్నకుమార్ గారు, "చెప్పండమ్మా, మీకేం కావాలి?" అన్నారు, పిల్లల్ని అడిగినట్టు.

"ఈ రూలు ఎవరికి వర్తిస్తుందండి?" అన్నాను.

"సీనియర్ సిటిజన్లకండి. మీ సేఫ్టీ కోసమే."

"మీ వయసెంతండి?"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. ఎవరో వెనకనుంచి, "కిందటేడే రిటైరయ్యారు కదండీ, మనమే కేకు కోయించాం!" అన్నారు.

"అయితే పొద్దున పేపరుకి ఒక్కరే వెళ్తున్నారేంటండి? మీ తోడు ఎవరు? వాచ్‌మన్ గారూ, ఈయన్ని ఎందుకు వదిలేస్తున్నారు?"

దేవీ, నా గొంతు బళ్ళో పలికినట్టు పలికింది. చెవి మిషనుతో మొదటిసారి నా గొంతు నేను విన్నాను. జనం నవ్వారు, కానీ నేను నవ్వలేదు. "రూలు తీసేస్తారా, లేకపోతే రేపట్నుంచి అరవై దాటిన మేమందరం కలిసి ఈ గేటు దగ్గర కూర్చోమంటారా? మా ఊళ్ళో నా స్నేహితురాలు మేత బస్తాల ముందు నెలలు కూర్చుంది. కూర్చోవడం మాకు కొత్త కాదు" అన్నాను.

లెక్చరరు గారు లేచి నిలబడ్డారు. ఆయన వెనక ఒకావిడ. తర్వాత ఇంకొకరు. ప్రసన్నకుమార్ గారు నీళ్ళు తాగి, రూలు రద్దు చేస్తున్నామని ప్రకటించారు. మేం ఇప్పుడు సాయంత్రాలు కలిసి నడుస్తున్నాం. వీధి చివర ఫుట్‌పాత్ మీద బళ్ళు పెట్టేస్తున్నారు, నడవడానికి చోటు లేదు. దాని సంగతి చూడాలి.

లోకనాథ్‌కి ఇంకా భయమే. నేను బయటికి వెళ్తే బాల్కనీలో నిలబడతాడు. నిలబడనీ.

బుధవారం పాలకొల్లు బస్సుకి వస్తున్నాను. లోకనాథ్ కారులో దింపుతానన్నాడు, వద్దన్నాను. వారమో, పది రోజులో, నాకు ఇష్టమైనన్నాళ్ళు ఉంటాను. ఆ తర్వాత మా అబ్బాయి దగ్గరికి వెళ్తాను, అదీ నా ఇష్టమే. ఆ డాక్టరు విషయం మాట్లాడ్డానికి మండలాఫీసుకి వెళ్ళేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్ళు.

మీ పెంకుటింట్లో నాకో చాప పరిచి ఉంచు. నన్ను తీసుకెళ్ళడానికి మాత్రం బస్టాండుకి ఎవరూ రావద్దు. దారి నాకు తెలుసు.

మాణిక్యం